లాబ్‌స్టర్ లార్వాల మేత, పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల హ్యాచరీల్లో పనిచేసేవారు, ఆక్వా రైతులు, మత్స్యశాస్త్ర విద్యార్థులు లాబ్‌స్టర్ పిల్లల ఉత్పత్తి గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. లార్వా (గుడ్డు నుంచి వచ్చి ఇంకా పెద్దదాని రూపం రాని పిల్ల) దశ పెంపకంలో ఎక్కువ అనుభవం పోగైనది యూరప్, ఉత్తర అమెరికా చల్లని సముద్రాల డెక్కల లాబ్‌స్టర్‌తోనే కాబట్టి మొదటి ప్రశ్నలన్నీ దానికి సంబంధించినవే. మన తీరంలో దొరికే రకాల సంగతి చివరి ప్రశ్నల్లో వస్తుంది.

లాబ్‌స్టర్లన్నీ ఒకటేనా? ఇక్కడ ఏ రకం గురించి మాట్లాడుతున్నాం?

ఒకటి కావు. వాటి మధ్య తేడా తెలియకుండా హ్యాచరీ గురించి ఆలోచించడం వృథా. ముందు భాగంలో పట్టకారు వంటి రెండు పెద్ద డెక్కలున్న లాబ్‌స్టర్లు హోమారస్ ప్రజాతికి చెందినవి. వీటిలో హోమారస్ గమ్మారస్ యూరప్ తీరాల్లో, హోమారస్ అమెరికానస్ కెనడా, అమెరికాల అట్లాంటిక్ తీరంలో ఉంటాయి. విశాఖ, చెన్నై, కన్యాకుమారి రేవుల్లో కనిపించేవి డెక్కలు లేని, పొడవాటి ముళ్ళ మీసాలున్న పాన్యులిరస్ జాతులు. ఇవి కాక బల్లపరుపుగా ఉండే ఇసుక లాబ్‌స్టర్లు మరో కుటుంబం. ఈ మూడింటి లార్వాలకు రూపంలో గాని, ఆహారంలో గాని, ఎదగడానికి పట్టే కాలంలో గాని పోలిక చాలా తక్కువ. ఒక రకం గురించి చదివిన పద్ధతిని మరొక రకానికి వర్తింపజేయబోయి నష్టపోయే ప్రమాదం ఉంది కనుక, ఎవరైనా లాబ్‌స్టర్ సీడ్ (పెంపకానికి వేసే పిల్లలు) గురించి చెప్పినప్పుడు ముందుగా జాతి పేరు అడగండి.

గుడ్లు మోసే తల్లిని ఎలా ఎంచుకోవాలి? పిల్లలు ఎప్పుడు బయటికి వస్తాయో ముందే తెలుస్తుందా?

డెక్కల లాబ్‌స్టర్ ఆడది తన గుడ్లను పొట్ట కింది ఈత కాళ్ళకు అంటించుకొని తొమ్మిది నుంచి పదకొండు నెలల పాటు మోస్తుంది. కొత్తగా పెట్టిన గుడ్లు ముదురాకుపచ్చగా, దాదాపు నల్లగా ఉంటాయి. లోపలి పచ్చసొన ఖర్చవుతున్న కొద్దీ రంగు మారి, చివరి వారాల్లో ఎర్రటి గోధుమ రంగుకు వస్తాయి. పిండాల కళ్ళు నల్లటి చుక్కల్లా బయటికి కనిపిస్తాయి. ఆ కంటి చుక్క పరిమాణాన్ని సూక్ష్మదర్శినితో కొలిచి, నీటి ఉష్ణోగ్రతను బట్టి పిల్లలు ఎప్పుడు వస్తాయో అంచనా వేసే పద్ధతి 1970ల నుంచి వాడుకలో ఉంది. హ్యాచరీకి ఇది చాలా ఉపయోగం, ఎందుకంటే మేత ముందే సిద్ధంగా ఉండాలి.

పిల్లలు ఎక్కువగా చీకటి పడ్డాక బయటికి వస్తాయి. తల్లి తోకను ఎత్తి, ఈత కాళ్ళను వేగంగా ఆడించి వాటిని నీటిలోకి విదిలిస్తుంది. ఒక్క రాత్రిలో ఈ పని పూర్తికాదు, వరుసగా చాలా రాత్రులు సాగుతుంది. అందువల్ల తల్లి ట్యాంకు నుంచి పొర్లే నీరు జల్లెడ పెట్టెలోకి చేరేలా అమర్చి, ప్రతి ఉదయం అందులో పోగైన పిల్లలను వేరే ట్యాంకుకు మార్చాలి. ఏ రాత్రి పిల్లలను ఆ రాత్రివిగానే ఉంచడం తప్పనిసరి అనుకోండి. రెండు రోజుల వయసు తేడా ఉన్న పిల్లలను కలిపితే ముందుగా గుల్ల (ఒంటి మీది పాత పెంకు) విడిచి ఎదిగినవి వెనకబడిన వాటిని తినేస్తాయి.

లార్వా దశలు ఎన్ని? ఎన్ని రోజులు పడుతుంది?

డెక్కల లాబ్‌స్టర్‌కు నీటిలో తేలుతూ బతికే లార్వా దశలు మూడు. మొదటి దశ పిల్ల సుమారు 8 మిల్లీమీటర్ల పొడవుంటుంది. దానికి పొట్ట కింద ఈత కాళ్ళు ఉండవు. రెండో దశలో ఆ కాళ్ళు వస్తాయి. మూడో దశలో తోక విసనకర్ర పూర్తవుతుంది. మూడోసారి గుల్ల విడిచాక వచ్చే నాలుగో దశ పిల్ల చిన్న లాబ్‌స్టర్‌లాగే ఉంటుంది, డెక్కలు ముందుకు చాచి నీటి పైభాగంలో చురుగ్గా ఈదుతుంది, కొద్ది రోజులకు అడుగుకు దిగి దాగే చోటు వెతుక్కుంటుంది.

కాలాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. సుమారు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగో దశకు రెండు వారాల లోపే చేరతాయి. 15 డిగ్రీల వద్ద నెలకు దగ్గరగా పడుతుంది, 10 డిగ్రీల వద్ద రెండు నెలల మాట. వేడి పెంచితే త్వరగా ఎదుగుతాయి గదా అని 22 డిగ్రీలు దాటించడం మంచిది కాదు, గుల్ల విడిచేటప్పటి చావులు, బాక్టీరియా బెడద రెండూ పెరుగుతాయి. హ్యాచరీలు ఎక్కువగా 18 నుంచి 20 డిగ్రీల మధ్య నిలపడం ఇందుకే.

పిల్లలు ఒకదాన్నొకటి ఎందుకు తింటాయి? దాన్ని ఆపవచ్చా?

లాబ్‌స్టర్ హ్యాచరీ అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పూర్తిగా ఆపలేం, బాగా తగ్గించగలం.

ఈ లార్వాలు వేటగాళ్ళు, కాని వెంటాడి పట్టే రకం కావు. ఛాతీ కాళ్ళకు ఉండే ఈక వంటి శాఖలతో నీటిని కొడుతూ తేలుతుంటాయి. కాళ్ళకు తగిలిన దేన్నైనా ఒడిసి పట్టుకుంటాయి. ఆ తగిలింది మేతగా వేసిన ఆర్టీమియా (ఉప్పునీటి సరస్సుల్లో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) కావచ్చు, పక్క పిల్ల కావచ్చు, వాటికి తేడా లేదు. పైగా మొదటి దశ పిల్లలు వెలుగువైపు ఆకర్షితమవుతాయి. నీరు నిలకడగా ఉన్న ట్యాంకులో అన్నీ వెలుగున్న మూలకు చేరి గుంపు కడతాయి. మేతేమో అడుగుకు దిగిపోతుంది. అప్పుడు వాటికి అందుబాటులో మిగిలేది తోటి పిల్లే. గుల్ల విడిచిన వెంటనే ఒళ్ళు మెత్తగా, కదలిక మందంగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా ఆ గంటల్లోనే బలైపోతాయి.

దీన్నిబట్టి చేయవలసినవి తేలుతాయి. నీటిని ఆగకుండా తిప్పుతూ పిల్లలను, మేతను ట్యాంకు అంతటా సమంగా పరచాలి. మేత ఎప్పుడూ నీటిలో ఉండాలి. బంతి భోజనంలో చివరి విస్తరి దాకా వడ్డన అందినట్టు ప్రతి పిల్లకూ దాని దగ్గరికే చేరాలి. వెలుతురు ఒక వైపు నుంచి పడకుండా చూడాలి. ఒకే రోజు పుట్టిన వాటినే కలిపి పెంచాలి. చివరిది సాంద్రత: వనామీ రొయ్య లార్వాలను లీటరుకు వంద, రెండు వందల చొప్పున వేసే అలవాటు ఉన్నవారు ఇక్కడ లీటరుకు కొన్ని పదులతోనే సరిపెట్టుకోవాలి. మూడో దశకు వచ్చేసరికి ఆ సంఖ్య కూడా ఎక్కువే అనిపిస్తుంది. సాంద్రత పెంచినంత మాత్రాన చివరికి చేతికి వచ్చే పిల్లల సంఖ్య పెరగదు. అదనంగా వేసినవి మిగతావాటికి మేత అవుతాయి.

ట్యాంకు ఆకారం అంత ముఖ్యమా?

ముఖ్యమే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో, యూరప్‌లో గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను ఆ వెంటనే సముద్రంలో వదిలేసేవారు. వాటిని కొంత పెంచి వదిలితే మేలని తెలిసినా, తొట్లలో పెట్టిన పిల్లలు అడుగున కుప్పపడి చచ్చేవి. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని విక్‌ఫోర్డ్‌లో శాస్త్రవేత్త ఎ. డి. మీడ్ బృందం 1900 ప్రాంతంలో కనుగొన్న ఉపాయం చాలా సాధారణమైనది: తేలే తెప్పలకు కట్టిన పెట్టెల్లో తెడ్ల వంటి రెక్కలను యంత్రంతో మెల్లగా తిప్పుతూ నీటిని పైకి లేపడం. పిల్లలూ తేలాయి, తరిగి వేసిన ఆల్చిప్పల మాంసమూ తేలింది, బతికిన వాటి సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. లార్వాల పెంపకంలో ఆ తర్వాత వచ్చిన ఏ మెరుగుదలా ఇంత మేలు చేయలేదని నా అభిప్రాయం.

మసాచుసెట్స్ రాష్ట్రంలో మార్తాస్ విన్‌యార్డ్ దీవిలోని లాబ్‌స్టర్ హ్యాచరీని చాలాకాలం నడిపిన జాన్ హ్యూస్, ఆయన సహచరులు 1974లో ప్రచురించిన గుండ్రని ట్యాంకు నేటి నమూనాలకు మూలం. అది 40 లీటర్ల తొట్టి, అడుగు గుండ్రంగా ఉంటుంది. అడుగు నుంచి ఏటవాలుగా చిమ్మే నీటి ధారలు మొత్తం నీటిని సుడిగా పైకి తిప్పుతాయి. మధ్యలో నిలబెట్టిన జల్లెడ గొట్టం ద్వారా నీరు బయటికి పోతుంది. ఇప్పుడు చాలా చోట్ల శంకువు ఆకారపు ట్యాంకులో అడుగు నుంచి గాలి వదిలి ఇదే పని చేయిస్తున్నారు. మన హ్యాచరీల్లో ఆర్టీమియా పొదిగే శంకువు ట్యాంకులు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గాలి మరీ ఉధృతంగా ఉంటే పిల్లల కాళ్ళు, శాఖలు విరుగుతాయి; మరీ తక్కువైతే మేత అడుగున చేరుతుంది. పిల్లలు అడుగున ఒక్క క్షణం కూడా నిలవకుండా, అలాగని గిరగిర తిరగకుండా ఉండే స్థాయిని కంటితో చూసి సరిచేసుకోవలసిందే.

మేతగా ఏమి ఇవ్వాలి?

బతికున్న ఆర్టీమియా ఇప్పటికీ మొదటి ఎంపిక. అయితే రొయ్యల హ్యాచరీల్లోలాగా అప్పుడే పొదిగిన నాప్లీతో (ఆర్టీమియా పసి పిల్లలతో) సరిపెట్టడం ఇక్కడ పొరపాటు. నాప్లీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఎనిమిది మిల్లీమీటర్ల వేటగాడు అంత చిన్న ఎరను ఒక్కొక్కటిగా పట్టుకొని కడుపు నింపుకోవాలంటే చేసే శ్రమకు, దక్కే ఆహారానికి పొంతన కుదరదు. కొన్ని రోజులు పెంచి పెద్దవి చేసిన ఆర్టీమియా, ముఖ్యంగా 8 నుంచి 10 మిల్లీమీటర్ల పెద్దవి ఇచ్చినప్పుడు ఎదుగుదల, బతుకు శాతం రెండూ మెరుగుగా ఉంటాయి. మొదటి రోజుల్లో నాప్లీని కొంత కలిపినా, రెండో దశ నుంచి పెద్ద ఆర్టీమియా మీదనే ఆధారపడాలి.

దీని వెనుక మరో హ్యాచరీ అంత పని దాగి ఉంది. పెద్ద ఆర్టీమియాను పెంచడానికి వేరే ట్యాంకులు, వాటికి ఆల్గే (సూక్ష్మమైన నాచు) లేదా తవుడు వంటి మేత, వాటిని రోజూ వడకట్టి కడగడం ఉంటాయి. లాబ్‌స్టర్ పిల్లలు రావడానికి రెండు మూడు వారాల ముందే ఆ పని మొదలవ్వాలి. గుడ్ల కంటి చుక్కను కొలవడం అందుకే అవసరమని పైన చెప్పింది.

ఆర్టీమియాకు పోషకాలు ఎక్కించడం అవసరమా?

అవసరం. సముద్ర లార్వాలకు కావలసిన కొవ్వు ఆమ్లాల్లో ముఖ్యమైన డీహెచ్‌ఏ ఆర్టీమియాలో సహజంగా దాదాపు ఉండదు. అలాంటిదే మరో కొవ్వు ఆమ్లం ఈపీఏ కూడా ఆర్టీమియా గుడ్లు ఏ సరస్సు నుంచి వచ్చాయన్న దాన్ని బట్టి మారుతుంది. అందువల్ల పిల్లలకు వేయడానికి ముందు ఆర్టీమియాను చేపనూనె ఆధారిత ద్రావణంలో గాని, ఆల్గేలో గాని కొన్ని గంటలు ఉంచి వాటి కడుపు నింపుతారు. ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: ఆర్టీమియా తాను తిన్న డీహెచ్‌ఏను అలాగే దాచుకోదు, దాన్ని ఈపీఏగా మార్చేసుకుంటుంది. రాత్రి పోషకం ఎక్కించి, మరుసటి సాయంత్రం దాకా మామూలు నీటిలో ఉంచి వాడితే పెట్టిన ఖర్చులో చాలా భాగం పోయినట్టే. వెంటనే వాడాలి, లేదా చల్లటి నీటిలో ఉంచి కొద్ది గంటల్లో ముగించాలి. ఎక్కించిన తర్వాత బాగా కడగాలి. ఆ జిడ్డు నీరు లార్వా ట్యాంకులోకి పోతే బాక్టీరియాకు విందవుతుంది.

ఫ్రోజెన్ ఆర్టీమియా, ఆల్చిప్పల మాంసం, పొడి మేతలతో పని జరగదా?

జరుగుతుంది, కొంతవరకు. గడ్డకట్టించిన పెద్ద ఆర్టీమియాను చాలా హ్యాచరీలు వాడుతున్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకడం, విడిగా పెంచే శ్రమ లేకపోవడం దాని సుగుణాలు. కరిగేటప్పుడు దాని నుంచి పోషకాలు నీటిలోకి కారిపోతాయి, తినకుండా మిగిలింది త్వరగా కుళ్ళుతుంది. అందుకే కరిగించి, వడకట్టి, కడిగి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వేయాలి. మైసిడ్లు, క్రిల్, కోపిపాడ్లు వంటి చిన్న రొయ్యజాతి జీవులు దొరికినచోట కలిపి ఇస్తే ఆహారంలో వైవిధ్యం వస్తుంది. తరిగిన ఆల్చిప్పల మాంసం చవక, పిల్లలు తింటాయి కూడా, కాని ఆ రసంతో నీరు పాడయ్యే వేగం చూస్తే దాన్ని అత్యవసరానికి మాత్రమే వాడమని చెప్పాలనిపిస్తుంది. పొడి మేతలు లార్వా దశలో బతికున్న మేతకు ఇంకా సాటి రాలేదు. నాలుగో దశ దాటాక వాటి ఉపయోగం పెరుగుతుంది.

రోజుకు ఎన్నిసార్లు, ఎంత మేత వేయాలి?

బతికున్న ఆర్టీమియా అయితే రోజుకు రెండుసార్లు చాలు, ఎందుకంటే అది నీటిలో తిరుగుతూ తనను తాను తాజాగా ఉంచుకుంటుంది. ఫ్రోజెన్ అయితే మూడు నాలుగుసార్లుగా విడదీయాలి, అందులో ఒకటి రాత్రి పొద్దుపోయాక. పరిమాణానికి గట్టి లెక్క చెప్పడం కంటే గాజు బీకరులో నీరు తీసి చూడమని చెప్పడం ఉపయోగం. మేత వేసే వేళకు ముందు తీసిన బీకరులో ఒక్కో పిల్లకు ఇంకా కొన్ని ఆర్టీమియాలు మిగిలి కనిపించాలి. ఒక్కటీ లేకపోతే అంతకు ముందు గంటల్లో పిల్లలు ఒకదాన్నొకటి తిని ఉంటాయి. నీరు ఆర్టీమియాతో చిక్కగా ఉంటే ఆక్సిజన్ కోసం పోటీ, వ్యర్థాలు పెరుగుతాయి. మూడో దశ పిల్ల మొదటి దశ పిల్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తింటుంది కాబట్టి నిన్నటి కొలతే ఇవాళ వేయడం కుదరదు.

నీటి విషయంలో ఏవి గమనించాలి?

ఉప్పదనం 30 నుంచి 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) మధ్య ఉండాలి. రొయ్యల రైతులకు అలవాటైన తక్కువ ఉప్పు నీటిని ఈ లార్వాలు ఓర్వవు. పీహెచ్ 8 దగ్గర ఉండాలి. నీటిని సన్నని ఫిల్టర్లతో వడపోసి, అతినీలలోహిత కిరణాల గుండా పంపడం మామూలు. అమ్మోనియా, నైట్రైట్ రోజూ చూడాలి. తిరిగి వాడే నీటి వ్యవస్థ అయితే దాని జీవ ఫిల్టరు (అమ్మోనియాను బాక్టీరియాతో తొలగించేది) పిల్లలు రాకముందే పూర్తిగా పరిపక్వమై ఉండాలి.

రాగి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. లాబ్‌స్టర్ లార్వాలకు రాగి అతి స్వల్ప మోతాదులోనే విషం. నీటి దారిలో ఎక్కడో ఒక ఇత్తడి వాల్వు, పంపులో ఒక కంచు భాగం ఉంటే కారణం తెలియకుండా పిల్లలు పోతూనే ఉంటాయి. గొట్టాలు, వాల్వులు అన్నీ ప్లాస్టిక్‌వే వాడాలి.

రోగాలు వస్తే ఏ మందు వాడాలి?

లార్వాలకు ముఖ్యంగా వచ్చేవి విబ్రియో బాక్టీరియా, శరీరం మీద నూగులా పెరిగే ల్యూకోథ్రిక్స్ అనే పోగు బాక్టీరియా, లాజెనీడియం వంటి శిలీంధ్రాలు. పోగు బాక్టీరియా మొప్పల మీద, కాళ్ళ మీద పేరుకుంటే పిల్ల ఈదలేదు, గుల్ల విడవలేదు. వెనకటి రోజుల్లో మాలకైట్ గ్రీన్ అనే రంగు రసాయనాన్ని మందుగా వాడేవారు. ఆహార జీవుల్లో దాని వాడకం ఇప్పుడు నిషిద్ధం. నిషిద్ధమైన యాంటీబయాటిక్‌లు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల సంగతి మన ఎగుమతి రొయ్యల రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

మందు వెతకడం కంటే కారణం వెతకడం మేలు. ఎక్కువ సందర్భాల్లో అది తినకుండా మిగిలిన మేత, కడగని ఆర్టీమియా, లేదా ఆర్టీమియా గుడ్ల పెంకులు. ఒక విడత పూర్తయ్యాక ట్యాంకును ఎండబెట్టి, శుభ్రపరిచి, కొత్త విడత మొదలుపెట్టాలి. చెడిపోయిన విడతను నెట్టుకురావడం కంటే పారేసి కడగడమే చవక, అది మనసుకు కష్టమైనా సరే.

గుల్ల సగం విడిచి పిల్లలు చచ్చిపోతున్నాయి. ఎందుకు?

పాత గుల్ల నుంచి డెక్కలు, కాళ్ళు బయటికి రాక పిల్ల ఇరుక్కుపోవడం ఎక్కువగా పోషక లోపానికి గుర్తు. పెరిగిన పిల్లలపై అమెరికాలో జరిగిన మేత పరిశోధనల్లో, శుద్ధి చేసిన పదార్థాలతో తయారైన మేతలో సోయా లెసితిన్ (సోయా నుంచి తీసే కొవ్వు పదార్థం) కలిపితే ఇలాంటి చావులు తగ్గాయని తేలింది. లార్వా దశలో అయితే పోషకం ఎక్కించని ఆర్టీమియా, అధిక ఉష్ణోగ్రత, పోగు బాక్టీరియా ఈ మూడింటినీ వరుసగా అనుమానించండి.

నాలుగో దశకు చేరిన తర్వాత ఏం చేయాలి?

వెంటనే విడదీయాలి. నాలుగో దశలో డెక్కలు పనిచేయడం మొదలవుతుంది, పోట్లాటలు ప్రాణాంతకమవుతాయి. అందువల్ల ఒక్కో పిల్లను ఒక్కో గదిలో ఉంచుతారు. చిల్లుల అడుగున్న చిన్న గదుల పళ్ళేలను ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి గుండా నీరు పంపే అమరికలు ఉన్నాయి. వేల గదుల్లో రోజూ మేత వేయడం, శుభ్రం చేయడం ఎంత కూలీని మింగుతుందో ఊహించండి. డెక్కల లాబ్‌స్టర్ సాగు వందేళ్ళకు పైగా పరిశోధనల తర్వాత కూడా రొయ్యల సాగులా విస్తరించకపోవడానికి లార్వా దశ కారణం కాదు, ఈ గదులే కారణం. 20 డిగ్రీల నీటిలో పెంచినా ప్లేటులో పెట్టదగ్గ పరిమాణానికి రెండేళ్ళకు పైగా పడుతుంది.

ఈ దశలో మేతకు, వసతికి సంబంధించిన రెండు చిత్రమైన సంగతులు ఉన్నాయి. ఒకటి రంగు. లాబ్‌స్టర్ ముదురు రంగుకు మూలం ఆస్టాజాంథిన్ అనే వర్ణకం, అది ఆహారం నుంచే రావాలి. అది తక్కువైన మేతతో పెరిగినవి లేత నీలంగా పాలిపోయి కనిపిస్తాయి, అలాంటివాటిని సముద్రంలో వదిలితే రాళ్ళ మధ్య చేపల కంటికి సులువుగా దొరికిపోతాయి. రెండోది డెక్కల తీరు. పెద్ద లాబ్‌స్టర్‌కు ఒక డెక్క లావుగా, గుల్లలు పగలగొట్టడానికి అనువుగా ఉంటుంది. రెండోది సన్నగా, కోయడానికి పనికొస్తుంది. నాలుగో దశలో రెండూ ఒకేలా ఉంటాయి. నాలుగు, ఐదు దశల్లో పిల్లకు పట్టుకొని ఆడించడానికి గుల్ల ముక్కలో, గులకలో దొరికితేనే ఒక డెక్క పగలగొట్టేదిగా మారుతుంది. నున్నటి అడుగున్న ఖాళీ గదిలో పెరిగితే చాలావాటికి రెండూ కోసే డెక్కలే వస్తాయి, ఆ తర్వాత ఆ లోపం సరికాదు. గదిలో నాలుగు ఆల్చిప్ప ముక్కలు వేయడం ఎంత ఖర్చు?

పిల్లలను సముద్రంలో వదలడం వల్ల నిజంగా ఫలితం ఉందా?

ఉన్నట్టు ఆధారాలు ఉన్నాయి. బ్రిటన్‌లో 1980లలో బ్రిడ్లింగ్టన్ తీరంలో హ్యాచరీ పిల్లలకు సన్నని లోహపు తీగ ముక్కలను గుర్తుగా ఎక్కించి వదిలారు. కొన్నేళ్ళ తర్వాత చట్టబద్ధమైన పరిమాణానికి ఎదిగిన గుర్తుల లాబ్‌స్టర్లు జాలరుల బుట్టల్లో పడ్డాయి. నార్వేలోని క్విట్సోయ్ దీవి చుట్టూ 1990 నుంచి 1994 వరకు సుమారు 1,28,000 పిల్లలను వదిలారు, ఆ తర్వాతి ఏళ్ళ పట్టుబడిలో హ్యాచరీ లాబ్‌స్టర్లు గణనీయమైన భాగంగా కనిపించాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో, ప్యాడ్‌స్టో రేవులో 2000లో ప్రారంభమైన జాతీయ లాబ్‌స్టర్ హ్యాచరీ నేటికీ ఈ పనే చేస్తున్నది. వదిలేది మాత్రం లార్వాలను కాదు. అడుగున బొరియ చేసుకోగల వయసుకు వచ్చిన పిల్లలను డైవర్లు గాని, గొట్టాల ద్వారా గాని నేరుగా రాళ్ళ మధ్యకు దించుతారు.

మన తీరపు ముళ్ళ లాబ్‌స్టర్ లార్వాలను ఇదే పద్ధతిలో పెంచవచ్చా?

పెంచలేం. పాన్యులిరస్ లార్వా పేరు ఫిల్లోసోమా. అది ఆకులా పలుచగా, గాజులా పారదర్శకంగా, పొడవాటి కాళ్ళతో ఉంటుంది. గుడ్డు నుంచి వచ్చినప్పుడు ఒకటిన్నర మిల్లీమీటరు ఉండే ఈ ప్రాణి ఎన్నోసార్లు గుల్ల విడుస్తూ నెలల తరబడి నడిసముద్రంలో తేలుతుంది. పాన్యులిరస్ ఆర్నేటస్ హ్యాచరీలో నాలుగైదు నెలల పైన తీసుకుంటుంది. జపాన్ జాతికి దాదాపు ఏడాది పట్టిన సందర్భాలున్నాయి. డెక్కల లాబ్‌స్టర్‌లో రెండు వారాలు కాపాడుకోవలసిన నీటి శుభ్రతను ఇక్కడ అన్ని నెలల పాటు ఒక్క రోజు తప్పకుండా కాపాడాలి. ఆ పొడవాటి కాళ్ళు ట్యాంకు గోడకు తగిలినా విరుగుతాయి. జపాన్ శాస్త్రవేత్త జిరో కిట్టాకా 1980ల చివర్లో ముళ్ళ లాబ్‌స్టర్‌ను గుడ్డు నుంచి పిల్ల దశ వరకు మొదటిసారి పెంచగలిగినప్పుడు ఆర్టీమియాతో పాటు ఆల్చిప్పల బీజకోశాన్ని మేతగా వాడారు. సహజంగా ఫిల్లోసోమాలు జెల్లీ చేపల వంటి మెత్తటి జీవులను తింటాయి.

మేత విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫిల్లోసోమా చివరకు ప్యూరులస్ అనే దశకు మారుతుంది. అది ఏమీ తినదు. లార్వాగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే తీరానికి ఈది వచ్చి స్థిరపడాలి. కాబట్టి లార్వాకు పెట్టిన మేత మంచిదా కాదా అన్నది నెలల తర్వాత, ప్యూరులస్ బతికినప్పుడో చచ్చినప్పుడో గాని బయటపడదు. వియత్నాంలో 1990ల నుంచి పెద్ద ఎత్తున సాగుతున్న ముళ్ళ లాబ్‌స్టర్ పెంపకం సముద్రం నుంచి పట్టిన ఈ ప్యూరులస్‌ల మీదనే నిలబడింది. ఆస్ట్రేలియాలో టాస్మేనియా విశ్వవిద్యాలయం ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల ఆధారంగా హ్యాచరీ ఉత్పత్తిని వాణిజ్య స్థాయికి చేర్చే ప్రయత్నాలు జరిగాయి.

భారతదేశంలో ఏ లాబ్‌స్టర్ లార్వానూ పూర్తిగా పెంచలేదా?

పెంచారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెన్నై దగ్గరి కోవళం క్షేత్ర ప్రయోగశాలలో ఇసుక లాబ్‌స్టర్ థీనస్‌ను గుడ్డు నుంచి పిల్ల దాకా పెంచి, 2004లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఇసుక లాబ్‌స్టర్‌కూ ఫిల్లోసోమా దశే ఉంటుంది గాని, థీనస్‌కు అందులో నాలుగు అంచెలే. నాలుగు వారాల లోపు ముగుస్తుంది. ఆల్చిప్పల మాంసంతో పాటు టీనోఫోర్లు అనే జెల్లీ జీవులను కూడా మేతగా ఇచ్చారు. ముంబయి తీరంలో విపరీతపు వేటతో 1990లలో కుప్పకూలినది ఈ జాతి పట్టుబడే. మన దేశంలో లాబ్‌స్టర్ హ్యాచరీ ఎప్పటికైనా గిట్టుబాటు అయితే అది ముందు ఇసుక లాబ్‌స్టర్‌తోనే అవుతుందని నేననుకుంటాను, కారణం లార్వా కాలం తక్కువ కావడమే.

భీమిలిలోనో, ఉప్పాడలోనో ఉన్న రొయ్యల హ్యాచరీలో డెక్కల లాబ్‌స్టర్ పిల్లలను తయారు చేయవచ్చా?

పనితనం ఉంది, పరిస్థితులు లేవు. ఆర్టీమియా పొదిగించడం, నీటిని శుద్ధి చేయడం, విబ్రియోను కనిపెట్టడం మన సాంకేతిక సిబ్బందికి కొట్టిన పిండి. కాని మన తీరంలో నీటిని ఏడాది పొడవునా 20 డిగ్రీలకు చల్లబరచాలంటే కరెంటు బిల్లే లాభాన్ని తినేస్తుంది. పైగా హోమారస్ మన సముద్రపు జాతి కాదు. పరాయి జలచరాలను పెంపకానికి తేవాలంటే కేంద్ర మత్స్య శాఖ అనుమతి, క్వారంటైన్ తప్పనిసరి. ఎవరైనా హోమారస్ సీడ్ ఇస్తామని ముందుగా డబ్బు అడిగితే అనుమతి పత్రం చూపమనండి.

ప్రయోగం కోసం రేవులో గుడ్లున్న ముళ్ళ లాబ్‌స్టర్‌ను కొనవచ్చా?

విశ్వవిద్యాలయమో, పరిశోధన సంస్థో అనుమతితో చేసే పని వేరు. సొంతంగా కొని తొట్టిలో పెడితే ఫిల్లోసోమాలు పుడతాయి, కొద్ది రోజుల్లో చస్తాయి, అంతకు మించి ఏమీ జరగదు. ఎగుమతికి సంబంధించి కేంద్ర వాణిజ్య శాఖ 2003లో కనీస బరువులు నిర్ణయించింది: పాన్యులిరస్ హోమారస్‌కు 200 గ్రాములు, పాలిఫేగస్‌కు 300, ఆర్నేటస్‌కు 500, ఇసుక లాబ్‌స్టర్‌కు 150. గుడ్లున్న ఆడది వలలో పడితే బతికుండగానే తిరిగి నీటిలో వదలమని జాలరులకు చెప్పండి. ఆ గుడ్లను పొదిగించి పిల్లలను చేయగల హ్యాచరీ ప్రస్తుతానికి మన తీరంలో సముద్రం తప్ప మరొకటి లేదు.